బరమా పట్టిన చేతులు

న్యూయార్క్ నగరంలోని మన్‌హటన్ దీవి ఉత్తరపు కొసన, హడ్సన్ నది ఒడ్డున ఉన్న గుట్ట మీద క్లోయిస్టర్స్ అనే మ్యూజియం ఉంది. మెరోడ్ బలిపీఠ చిత్రం అని పేరుపడిన మూడు పలకల చిత్రం అక్కడే ఉంది. 1427కూ 1432కూ మధ్య, ఇప్పటి బెల్జియంలో ఉన్న టూర్నే పట్టణంలో, రాబర్ట్ కాంపిన్ అనే చిత్రకారుడి కార్ఖానాలో తయారైన ఈ చిత్రం ఎత్తు రెండడుగులకు కాస్త ఎక్కువ, అంతే. నడిమి పలకలో మరియ దగ్గరికి వచ్చిన దేవదూత, ఎడమ పలకలో చిత్రం చేయించుకున్న దంపతులు, కుడి పలకలో మరియ భర్త యోసేపు ఉంటారు. కిటికీలోంచి బజారు కనిపించే ఒక చిన్న గదిలో ఆ ముసలి వడ్రంగి బల్ల మీద కూర్చుని ఒక చెక్కకు వరుసలు వరుసలుగా బెజ్జాలు వేస్తున్నాడు.

అక్కయ్య ఇంటికి వెళ్ళినప్పుడు ఆ చిత్రాన్ని మొదటిసారి చూశాను. చూడవలసింది నడిమి పలక అని తెలిసి కూడా కుడి పలక ముందే నిలబడిపోయాను. యోసేపు చేతిలో ఉన్నది నాకు బాగా తెలిసిన పనిముట్టు. నడుమ వంకీ తిరిగిన బరమా అది. ఒక చేత్తో పైన ఒత్తిపట్టి, రెండో చేత్తో వంకీని గుండ్రంగా తిప్పితే అడుగున ఉన్న ములుకు చెక్కలోకి దిగుతుంది. యూరపులో ఈ రకం బరమా కనిపించే అతి పాత చిత్రాల్లో ఇదొకటని పనిముట్ల చరిత్ర రాసేవాళ్ళు చెబుతారు. అంటే చిత్రకారుడు దాన్ని ఏ పాత బొమ్మలోంచో ఎత్తి రాయలేదు. తన ఊళ్ళో ఎవరో వడ్రంగి దాన్ని తిప్పుతుంటే పక్కన నిలబడి చూశాడు.

మా అమ్మ నాన్నగారు కృష్ణా జిల్లాలోని ఒక పల్లెలో వడ్రంగం చేసేవారు. నాగళ్ళు, బండ్లు, ద్వారబంధాలు, తలుపులు ఆయన పని. నూర్పిళ్ళప్పుడు కళ్ళాల దగ్గర రైతులు కొలిచి పోసే మేర ఆయన సంపాదన. ఊరంతా ఆయన్ని వడ్రంగి తాత అనే పిలిచేది. నేను పిలిచింది తాతయ్య అని. ఆయన అసలు పేరు నాకు తెలిసింది ఆయన పోయాక, కర్మకాండ కార్డు మీద అచ్చులో చూసినప్పుడే. మా ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటే ఉంది. స్టూడియోలో తీసింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కుర్చీలో బిగుసుకుని కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లించి పెట్టి ఉంటారు. బాడిస లేని ఆ చేతుల్ని చూస్తే అవి ఎవరివో అనిపిస్తుంది. పని చేస్తున్న ఆయన్ని ఎవరూ బొమ్మ తీయలేదు. పనివాళ్ళ బొమ్మలు ఎక్కడ ఉన్నాయంటే అక్కడికి నేను వెతుక్కుంటూ వెళ్ళడానికి మూలం ఆ ఫొటో.

మెరోడ్ చిత్రం గురించి చదవడం మొదలుపెట్టాక నాకు ఎదురైనదంతా ఎలుకబోను చర్చే. యోసేపు ముందున్న బల్ల మీద ఒక ఎలుకబోను, కిటికీ బయటి అరుగు మీద ఇంకొకటి ఉన్నాయి. మేయర్ షపీరో అనే కళాచరిత్రకారుడు 1945లో రాసిన వ్యాసంలో, ప్రభువు సిలువ సాతానుకు పెట్టిన ఎలుకబోను అన్న సెయింట్ అగస్టీన్ మాటను ఈ బోనులకు ముడిపెట్టాడు. అక్కడి నుంచి ఆ గదిలో ఉన్న ప్రతి వస్తువుకూ అర్థం వెతకడం సాగింది. గొడ్డలినీ రంపాన్నీ బైబిల్లోని యెషయా గ్రంథపు వాక్యంతో కలిపి చదివారు. యోసేపు బెజ్జాలు వేస్తున్న చెక్క కాళ్ళు వెచ్చబెట్టుకునే కుంపటి మూత అని కొందరూ, పొయ్యి ముందు నిలిపే అడ్డుపలక అని కొందరూ వాదించారు. ఇవన్నీ తేలిక మాటలు కావు. ఆ కాలపు మనిషి భక్తినీ పనినీ విడదీసి చూడలేదు కనుక, ఎలుకబోను ఎలుకబోనుగా ఉంటూనే ఇంకొకటి కూడా అయి ఉండవచ్చు. నా అభ్యంతరం వేరు. ఆ చెక్క దేనికన్న ప్రశ్న మీద ఇన్ని పుటలు రాసినవాళ్ళలో, ఆ చెయ్యి బరమాను ఎలా పట్టుకుందో ఆగి చూసినవాళ్ళు ఎందుకింత తక్కువ?

పనివాడి చిత్రాన్ని తూచడానికి నా దగ్గర రెండు ప్రశ్నలే ఉన్నాయి. చిత్రంలో చూపినట్టు కూర్చుని, చూపినట్టు పట్టుకుంటే ఆ పని నిజంగా సాగుతుందా? ఆ పని చేస్తున్న మనిషి ఎవరు? మొదటిదానికి జవాబు చెప్పిన గొప్ప చిత్రాలు యూరపులో చాలా ఉన్నాయి. రెండోదానికి జవాబు చెప్పినవి చాలా తక్కువ. రెంటికీ కలిపి జవాబు చెప్పిన చిత్రాలు నాకు తెలిసినంతలో ఒక్కచోటే గుంపుగా దొరుకుతాయి. అవి మహాచిత్రకారులు వేసినవి కావు. వాటిని మహాచిత్రాల కంటే ముందు వరసలో నిలపాలన్నదే నేను ఇక్కడ చెప్పదలచింది.

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో కొన్రాడ్ మెండెల్ అనే సంపన్న వర్తకుడు 1388లో ఒక ధర్మసత్రం పెట్టాడు. యేసు శిష్యులు పన్నెండుమంది కనుక ఆ సత్రంలోనూ పన్నెండుమందికే చోటు. చేతనైనన్నాళ్ళు ఒళ్ళొంచి పనిచేసి, చివరికి ఆదుకునే దిక్కు లేకుండా మిగిలిన ముసలి పనివాళ్ళను అక్కడ చేర్చుకునేవారు. ఒకరు పోతే ఆ చోటు ఇంకొకరికి దక్కేది. వాళ్ళను సోదరులు అనేవారు. ఇటువంటి సత్రాలు ఆ కాలపు యూరపులో ఇంకా ఉన్నాయి. ఇక్కడి విశేషమేమిటంటే, 1425 ప్రాంతం నుంచి ఒక్కొక్క సోదరుడికీ ఒక్కొక్క బొమ్మ చొప్పున పుస్తకంలో వేయించడం మొదలుపెట్టారు. సత్రంలో అన్నం తింటున్నట్టు కాదు, జపం చేసుకుంటున్నట్టు కాదు, బతుకంతా చేసిన వృత్తిలో పని చేస్తున్నట్టు. బొమ్మ పైన పేరు రాశారు. తొలి పుటల్లో ఆ వాక్యం దాదాపు ఒకే తీరులో సాగుతుంది. మరణించిన ఇన్నవ సోదరుడి పేరు ఫలానా, అని.

నేను మొదట తెరిచిన పుటలో హెర్టెల్ ప్యుర్‌ప్రెవ్ అనే ముసలాయన ఉన్నాడు. బీరు కాచేవాడు. పొయ్యి మీద పెద్ద కాగు, చేతిలో పొడుగాటి తెడ్డు, పైన ఆ వృత్తికి గుర్తయిన ఆరు కోణాల నక్షత్రం. ప్యుర్‌ప్రెవ్ అన్న మాటకు అర్థమే బీరు కాచేవాడని తెలిశాక కాసేపు ముందుకు వెళ్ళలేకపోయాను. మా వడ్రంగి తాత పేరులాంటి పేరే అది. కాకపోతే ఈయనకు ముందు హెర్టెల్ అన్న సొంత పేరు కూడా మిగిలింది. ఇంకో పుటలో తీగ లాగేవాడు కనిపిస్తాడు. ఇనుప పలకలో ఉన్న సన్నని రంధ్రం గుండా లోహాన్ని లాగి తీగ చేయడానికి చేతుల బలం చాలదు. అందుకని ఊయలలాంటి పీట మీద కూర్చుని, కాళ్ళతో తన్ని వెనక్కి ఊగుతూ, ఒంటి బరువంతా వేసి పట్టకారుతో లాగుతాడు. ఆ పని చూడనివాడికి ఆ ఊయల సంగతి ఊహకు తట్టదు. వంకర గీతలతో, లోతు సరిగా కుదరకుండా, ముఖాలన్నీ దాదాపు ఒకే పోలికతో వేసిన ఆ బొమ్మలో, పని జరిగే తీరు మాత్రం ఎక్కడా తప్పలేదు.

వీటిని కళగా లెక్కించవచ్చా అని ఒక స్నేహితుడు నన్ను గట్టిగానే అడిగాడు. ఇవి ధర్మసత్రపు చిట్టాలనీ, దాత పుణ్యం లెక్కకు అందడానికి వేయించినవనీ, వేసినవాళ్ళలో ఎక్కువమందికి మనిషి ఒళ్ళు గీయడమే సరిగా రాదనీ ఆయన వాదన. మూడు మాటలూ నిజమే. అయితే పోషకుడి పుణ్యం కోసం వేయించిన చిత్రాలను తీసేస్తే యూరపు మ్యూజియముల్లో సగం గదులు ఖాళీ అవుతాయి. ఇక ఒళ్ళు గీయడం రాకపోవడం గురించి నేను చెప్పగలిగింది ఇది. ఎముక, కండరం ఎలా ఉంటాయో తెలియడం ఒక జ్ఞానం, ఉలి ఏ వాలున పడితే చెక్క చీలకుండా లేస్తుందో తెలియడం ఇంకొక జ్ఞానం. మొదటిది ఉన్నవాడినే కళాకారుడని మనం నేర్చుకున్నాం. రెండోదాన్ని ఇన్ని వందల పుటల్లో భద్రపరిచినవాళ్ళను చిట్టా రాసేవాళ్ళని పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఈ మాట నేను ఇంత పట్టుదలగా అనడానికి న్యూరెంబర్గ్‌లోనే ఇంకొక కారణం దొరికింది. మెండెల్ సత్రం చూసి, మతెయుస్ లాండావర్ అనే మరో వర్తకుడు 1501లో అలాంటిదే పన్నెండుమంది సత్రం కట్టించాడు. అక్కడా సోదరుల బొమ్మల పుస్తకం పెట్టారు. ఆ సత్రపు ప్రార్థనామందిరానికి బలిపీఠ చిత్రం వేసినవాడు జర్మనీ మహాచిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్. 1511లో పూర్తయిన ఆ చిత్రంలో ఆకాశం నిండా పవిత్రత్రయాన్ని కొలుస్తున్న జనం. పోపులు, రాజులు, స్త్రీలు ఉన్నారు, దాత లాండావర్ ఉన్నాడు, ధాన్యం కొట్టే కర్ర పట్టుకున్న రైతు కూడా ఒకడు ఉన్నాడు. కింద, నేల మీద, కుడి మూలన డ్యూరర్ ఒక్కడే నిలబడి, తన పేరూ సంవత్సరమూ చెక్కిన ఫలకాన్ని పట్టుకుని ఉంటాడు. గొప్ప చిత్రమే. 1585లో రుడాల్ఫ్ చక్రవర్తి దాన్ని కొనుక్కుపోగా ఇప్పుడది వియన్నాలో ఉంది. ఒక్కసారి ఆలోచించండి. ఒకే సత్రం. ప్రార్థనామందిరంలో చిత్రకారుడు తన పేరు రాసుకున్నాడు. పుస్తకంలో, తన పేరు ఎక్కడా చెప్పని చిత్రకారుడు పనివాడి పేరు రాశాడు. కళాచరిత్ర మొదటిదాన్ని పట్టుకుని నడిచింది. రెండోదాన్ని పట్టుకుని నడిచి ఉంటే చేతివృత్తి చిత్రాల కథ ఇంకోలా సాగేదని నేను నమ్ముతున్నాను.

ఎందుకంటే ఆ తర్వాత జరిగినదంతా పేరు చెరిగిపోవడమే. అదే న్యూరెంబర్గ్‌లో చెప్పులు కుట్టి బతికిన కవి హాన్స్ జాక్స్ పద్యాలతో, యోస్ట్ అమ్మన్ వేసిన 114 కొయ్యచెక్కుడు బొమ్మలతో 1568లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వృత్తుల పుస్తకం ఒకటి అచ్చయింది. అమ్మన్ చెయ్యి తిరిగినవాడు. కార్ఖానా, పనిముట్లు, నేల మీద పడ్డ ముక్కలు అన్నీ కళ్ళకు కడతాయి. పద్యాల్లో పనివాడు నేను ఇది చేస్తాను, నేను అది చేస్తాను అని తానే చెప్పుకుంటాడు. పాదాలకు చెప్పులు కుట్టినవాడు రాశాడు కనుక ఆ నేను అన్న మాటలో బలం ఉంది. అయినా ఆ నేను ఎవరూ కాదు. అందరు వడ్రంగులకూ కలిపి ఒక వడ్రంగి, అందరు కమ్మరులకూ కలిపి ఒక కమ్మరి. 1694లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ లౌకెన్ తన కొడుకు కాస్పర్‌తో కలిసి వంద వృత్తుల బొమ్మలు వేసి, ఒక్కొక్కదాని కింద ఆత్మకు పనికొచ్చే నీతి ఒకటి రాశాడు. బొమ్మలు అందమైనవి. నీతుల దగ్గర మాత్రం నాకు ఓపిక ఉండదు. కుండ చేసేవాడు కుండ చేస్తున్నాడు, అతణ్ణి చేసుకోనివ్వాలి.

ఫ్రెంచి రచయిత దీదెరో దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఆయన తండ్రి ఫ్రాన్స్‌లోని లాంగ్ర్ పట్టణంలో కత్తులు చేసేవాడు. దీదెరో సంపాదకుడిగా 1751లో మొదలైన విజ్ఞాన సర్వస్వంలో, పదిహేడు సంపుటాల రాతకు తోడు పదకొండు సంపుటాల బొమ్మలు చేరడం వెనక ఆ కొలిమి వేడి ఉందనుకుంటాను. పారిస్‌లోని నేర్పరులైన పనివాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకున్నారు. పనికి మాటలు లేవని, ఉన్న మాటలు ఒక్కో కార్ఖానాలో ఒక్కోలా ఉన్నాయని కష్టపడ్డారు. అంత గౌరవంతో మొదలైన పనిలో కూడా ఆ బొమ్మలు చూడండి. పుట పైభాగాన విశాలమైన, వెలుతురు నిండిన, పొగా మసీ లేని కార్ఖానా. అందులో శుభ్రమైన బట్టలు కట్టుకున్న చిన్న చిన్న మనుషులు. కింది భాగంలో విడివిడిగా పేర్చిన పనిముట్లు. కొన్ని పుటల్లో మణికట్టు దగ్గర ఆగిపోయి, మనిషి లేకుండా, పని చేస్తున్న చేతులు మాత్రమే ఉంటాయి. బరమా ఎలా పట్టాలో నేర్చుకోవడానికి అంతకంటే మంచి బొమ్మ లేదు. నా మొదటి ప్రశ్నకు ఆ చేతులు ఇచ్చినంత స్పష్టమైన జవాబు ఇంకెవరూ ఇవ్వలేదు. రెండో ప్రశ్న అడగడానికి అక్కడ ముఖమే లేదు.

ముఖం ఉండి పేరు లేని బాధ వేరు. లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఇటలీ చిత్రకారుడు మొరోని 1560ల చివర వేసిన దర్జీ ఉన్నాడు. కత్తెర చేతిలో, సుద్దగీతలు పడ్డ నల్లగుడ్డ బల్ల మీద, కత్తిరించబోతూ తలెత్తి మనవైపు చూస్తాడు. అంత నిక్కమైన చూపు నేను తక్కువ చిత్రాల్లో చూశాను. ఆయన ఎవరో ఎవరికీ తెలియదు.

పందొమ్మిదో శతాబ్దానికి వచ్చేసరికి పనివాడి ఒంటిని ఉన్నదున్నట్టు చూపడమే తప్పైపోయింది. ఇంగ్లండులో జాన్ ఎవరెట్ మిలే బాల యేసును తండ్రి కార్ఖానాలో చూపుతూ ఒక చిత్రం వేసి 1850లో ప్రదర్శనకు పెట్టాడు. దానికోసం ఆయన నిజమైన వడ్రంగి కొట్టుకు వెళ్ళాడు. యోసేపు తలకు సొంత తండ్రిని చూసి గీసినా, చేతులకూ ఒంటికీ నిజమైన వడ్రంగినే చూసి గీశాడు. చార్లెస్ డికెన్స్ తన పత్రికలో ఆ చిత్రాన్ని చీల్చి చెండాడాడు. ఆ వడ్రంగులు నరాలు ఉబ్బి ఆసుపత్రికి చేరే తాగుబోతుల్లా ఉన్నారన్నది ఆయన ఆక్షేపణల్లో ఒకటి. పేదల పక్షాన అంత రాసిన మనిషి ఆ మాట అనడం చదివి నాకు నిజంగా కష్టం వేసింది. మా తాతయ్య ముంజేతుల మీద నరాలు తాళ్ళలా ఉబికి ఉండేవి. చిన్నప్పుడు నేను వాటిని వేలితో నొక్కి ఆడుకునేవాణ్ణి. ఏళ్ళ తరబడి చిత్రిక తోస్తే ఏ చెయ్యి అయినా అలాగే అవుతుంది.

పారిస్‌లో గుస్తావ్ కాయ్‌బోట్ వేసిన, నేల గీకే పనివాళ్ళ చిత్రానికి ఇంకోలాంటి మర్యాద జరిగింది. 1875లో సర్కారీ ప్రదర్శన న్యాయనిర్ణేతలు దాన్ని తిప్పి పంపారు. మరుసటి ఏడు ఆయన దాన్ని ఇంప్రెషనిస్టుల రెండో ప్రదర్శనలో పెడితే, రచయిత ఎమిల్ జోలా, ఇంత ఖచ్చితంగా నకలు దించడం కళకు విరుద్ధమన్నాడు. ఇప్పుడది ఓర్సే మ్యూజియంలో ఉంది. చొక్కాలు విప్పిన ముగ్గురు మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని చెక్కనేలను గీకుతున్నారు. కిటికీ వెలుతురు వాళ్ళ వీపుల మీదా, ఇంకా గీకని మెరుపు చారల మీదా ఒకేలా జారుతుంది. చుట్టలు చుట్టుకున్న పొట్టు చుట్టూ పడి ఉంది. ఇద్దరు తలలు దగ్గరగా వంచి ఏదో మాట్లాడుకుంటున్నారు, చేతులు మాత్రం ఆగలేదు. పని తెలిసినవాళ్ళు అలాగే మాట్లాడుకుంటారు. మా తాతయ్య, ఆయన తమ్ముడూ పెద్ద రంపాన్ని చెరొక వైపు పట్టుకుని దుంగ కోస్తూ ఊరి సంగతులన్నీ చెప్పుకునేవారు. లయ మాత్రం తప్పేది కాదు. కాయ్‌బోట్ ఆ నేలకు యజమాని. నిలబడి, పైనుంచి చూసి వేశాడు. ఆ ముగ్గురి పేర్లు అడిగి చిత్రం వెనక రాసి ఉంటే ఎంత బాగుండేది! అయినా ఆ మాటామంతీని పట్టుకున్నందుకు ఆయనకు నేను ఋణపడి ఉన్నాను.

మ్యూజియములు చేయగలిగింది ఒకటి ఉంది. చిత్రం పక్కన అతికించే చీటీలో, ఇది ఎవరు వేశారు, ఎవరు వేయించారు, ఏ సంవత్సరం అన్న వాటితో పాటు, ఈ మనిషి ఏ పని చేస్తున్నాడు, ఆ పనిలో ఏ దశలో ఉన్నాడు, చేతిలో ఉన్నదేమిటి అన్న మూడు వాక్యాలు చేర్చాలి. అవి రాయడానికి కళాచరిత్ర చదివినవాళ్ళు చాలరు. ఒక వడ్రంగిని, ఒక దర్జీని, ఒక కమ్మరిని పిలిచి చిత్రం ముందు నిలబెట్టి అడగాలి.

ఇది ఊరికే అనడం లేదు. అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు ఒక రాత్రి ఆమెకు కంప్యూటర్లో జార్జ్ ద లా తూర్ 1642 ప్రాంతంలో వేసిన యోసేపు చిత్రాన్ని చూపించాను. పారిస్‌లోని లూవ్ర్‌లో ఉన్న చిత్రమది. చీకటి గదిలో ముసలి యోసేపు దూలం మీదికి వంగి, అడ్డపిడి ఉన్న బరమాను రెండు చేతులా తిప్పుతుంటాడు. ఎదురుగా చిన్నపిల్లవాడైన యేసు కొవ్వొత్తి పట్టుకుని కూర్చుని, మంటకు అరచెయ్యి అడ్డం పెడతాడు. ఆ వెలుతురు వేళ్ళ గుండా ఎర్రగా కనిపిస్తుంది. నేల మీద కొయ్యసుత్తి, ఉలి, ఒక చుట్ట పొట్టు. దూలం రాబోయే సిలువకు గుర్తని, వెలుగు లోకానికి వెలుగైనవాడికి గుర్తని నేను చదివినదంతా అమ్మకు చెప్పాను. అమ్మ శ్రద్ధగానే విన్నది. విని, చాలాసేపు ఆ పిల్లవాడి చెయ్యినే చూసింది.

“నాన్నకి నేనూ ఇలాగే దీపం పట్టుకునేదాన్నిరా. పెళ్ళిళ్ళ రోజుల్లో పందిరి మంచాల పని వస్తే రాత్రిళ్ళు కూడా చేసేవారు. గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. వేడికి అరచెయ్యి చుర్రుమనేది, తియ్యడానికి లేదు” అంది. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, బరమా ములుకు దూలంలో దిగుతున్న చోట తెర మీద వేలు పెట్టింది.

“ఇక్కడ చూడు, చీకటిగా ఉంది. వెలుతురంతా పిల్లాడి మొహం మీదే పడుతోంది. దీపం ఇంకాస్త కిందికి పట్టమనాలి వాణ్ణి, పాపం ఆయనకి బెజ్జం కనపడద్దూ?”